హ్యాండోవర్ దాకా నడిస్తే చాలు

తమ్ముడూ, రేపు పొద్దున్నే మిర్యాలగూడ బస్సెక్కుతున్నావు. డిప్లొమా పుస్తకాలు ఇంట్లోనే వదిలేసి రా. అక్కడ మనకో బాయిల్డ్ రైస్ మిల్లు పని ఉంది. 24 ఎనర్జీ మీటర్లు, 6 వీఎఫ్‌డీ డ్రైవులు, డ్రయ్యర్ల దగ్గర 8 టెంపరేచర్ కంట్రోలర్లు, మొత్తం 38. ఇవన్నీ ఒకే లైన్ మీద మాట్లాడాలి, ఆ లెక్కలన్నీ ఆఫీసు గదిలో కంప్యూటర్ మీద సేటుకి కనబడాలి. జీడిమెట్ల షెడ్డులో 20 ఏళ్ళు ప్యానెళ్ళు కట్టి నేను పోగేసుకున్న విద్యంతా ఈ రాత్రికి నీకు అప్పజెబుతున్నాను. పొల్లు పోకుండా పాటించు.

అసలు సూత్రం ఒక్కటే, మిగతావన్నీ దాని పిల్లలు. లైన్ హ్యాండోవర్ రోజు నడవాలి. ఆ తర్వాత సంగతి వారంటీ కాగితం చూసుకుంటుంది. అందుకే హ్యాండోవర్‌ని ఎప్పుడూ కోతలకు ముందే పెట్టించు. అప్పుడు మిల్లు ఖాళీగా ఉంటుంది, డ్రైవులు తిరగవు, బ్లోయర్లు తిరగవు, డ్రయ్యర్లు చల్లగా పడుంటాయి. తెర మీద 38 పచ్చ చుక్కలు వెలుగుతాయి. సేటు కొబ్బరికాయ కొడతాడు, సంతకం పెడతాడు. వడ్ల లారీలు గేటు ముందు బారులు తీరే నాటికి బిల్లు మన ఖాతాలో పడి ఉంటుంది.

ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, మన లైన్‌కి వాడే ఆర్‌ఎస్-485 మహా మొండిఘటం. 1983లో ప్రమాణంగా వచ్చింది. దాని మీద నడిచే మోడ్‌బస్ ఇంకా పాతది, 1979లో మోడికాన్ కంపెనీ తన పీఎల్‌సీల కోసం తయారు చేసుకుంది. వేగం తక్కువగా ఉంచితే 1200 మీటర్ల దూరం కూడా మాట పోతుంది. నువ్వెన్ని తప్పులు చేసినా మొదటి రోజే మొహం మీద చెప్పదు. వడ్డీ వ్యాపారిలా నవ్వుతూ పద్దు రాసుకుంటూ పోతుంది. మన బతుకుదెరువంతా ఆ నవ్వు మీదే ఆధారపడి ఉంది.

ముందు తీగ సంగతి. 120 ఓమ్‌ల ఇంపెడెన్స్, మెలి వేసిన జత, పైన షీల్డ్ ఉన్న కేబుల్ కొనమని డ్రాయింగ్‌లో రాసి ఉంటుంది. కొనకు. పాత సైటులో మిగిలిన స్పీకర్ వైరు ఉంటే అదే లాగు. మెలి ఎందుకో తెలుసుకుంటే దాన్ని విప్పడం నీకే తేలికవుతుంది. మెలిపెట్టిన జత మీద బయటి రొద రెండు తీగలకూ దాదాపు సమానంగా అంటుకుంటుంది. రిసీవర్ చూసేది రెండు తీగల మధ్య తేడానే కాబట్టి ఆ రొద కొట్టుకుపోతుంది. ఆ తేడా 200 మిల్లీవోల్టులు ఉంటే చాలు, ఒకటో సున్నానో తేల్చేస్తుంది. అంత సున్నితమైన చెవి అన్నమాట. ఇంత మంచి ఏర్పాటును పాడు చెయ్యాలంటే ప్యానెల్‌లోకి రాగానే అరమీటరు దాకా జడ విప్పినట్టు తీగలు విప్పేసి, కాంటాక్టర్ల మధ్యనుంచి తిప్పుతూ టెర్మినల్ దాకా తీసుకురావాలి.

కొందరు క్యాట్-5 ల్యాన్ కేబుల్ వాడతారు. నిజానికి అదేం పెద్ద పాపం కాదు. దాని ఇంపెడెన్స్ 100 ఓమ్‌లు, చాలా చోట్ల బాగానే నడుస్తుంది కూడా. అందుకే అందులోనూ మన పనితనం చూపించాలి. నారింజ జతలోంచి ఒక తీగ, ఆకుపచ్చ జతలోంచి ఇంకో తీగ తీసుకో. చూసేవాడికి మెలి ఉన్న కేబులే కనబడుతుంది. నువ్వు వాడిన రెండు తీగలు మాత్రం ఒకదాని చుట్టూ ఒకటి ఎక్కడా తిరగవు. మల్టీమీటర్ పెట్టి చూస్తే కంటిన్యుటీ బ్రహ్మాండంగా వస్తుంది. ఈ తప్పు పట్టుకోవడానికి నాకొకసారి మూడు రోజులు పట్టింది. చేసినవాడిని నేనే కాబట్టి ఎవరినీ తిట్టలేకపోయాను.

ఇక దారి. బ్లోయర్ మోటార్లకు వెళ్ళే డ్రైవు అవుట్‌పుట్ కేబుళ్ళు లావుగా, బలంగా ఉంటాయి. మన సన్న తీగను వాటికి కట్టేస్తే విడిగా ట్రే ఖర్చుండదు. ప్రతి అడుగుకీ ఒక కేబుల్ టై వేసి బిగించు, ఉమ్మడి కుటుంబంలా కనబడాలి. డ్రైవు అనేది సెకనుకి కొన్ని వేలసార్లు కరెంటును టకటకా కొట్టి వదులుతుంది. ఆ దెబ్బల అంచులు చాలా నిటారుగా ఉంటాయి, పక్కనున్న ప్రతి తీగ మీదకీ దూకుతాయి. పుస్తకాల వాళ్ళు దూరంగా వేరే ట్రేలో వెయ్యమంటారు, దాటక తప్పకపోతే అడ్డంగా 90 డిగ్రీల్లో దాటమంటారు. వాళ్ళు హ్యాండోవర్‌ని కోతల తర్వాత పెట్టుకునే రకం. మన డ్రైవులు ఆ రోజు తిరగవని చెప్పానుగా.

లైన్ ఆకారం విషయానికొస్తే, దారానికి పూసలు గుచ్చినట్టు ఒక మీటరు నుంచి ఇంకో మీటరుకు, దాని నుంచి పక్కదానికి, అలా ఒకే వరుసలో వెళ్ళాలి. అలా చేస్తే కేబుల్ ఎక్కువ పడుతుంది. నువ్వు మధ్యలో ఒక జంక్షన్ బాక్స్ పెట్టి మర్రి ఊడల్లా ఎనిమిది దిక్కులకూ లాగు. మాట ఒక ఊడలో చివరిదాకా వెళ్ళి, అక్కడ తీసుకునేవాడు లేక బావిలో అరుపులా తిరిగొస్తుంది. ఎనిమిది అరుపులు ఎనిమిది వేళలకు తిరిగొస్తాయి.

ఆ తిరిగొచ్చే అరుపుని మింగడానికే లైన్ రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్ పెడతారు. రెండే. మధ్యలో వద్దు. కరెంటు ఆపి రెండు తీగల మధ్య మీటర్ పెడితే 60 ఓమ్‌ల దగ్గర చూపించాలి. ఇక్కడ నీకు రెండు దారులున్నాయి. ఒకటి, అసలు పెట్టకపోవడం. నిజం చెప్పాలంటే 9600 వేగంలో, 200 మీటర్ల లైన్‌లో ఇది చాలాసార్లు నడిచేస్తుంది. ఒక్కో బిట్ 104 మైక్రోసెకన్లు ఉంటుంది, అరుపు వెళ్ళి రావడానికి రెండు మైక్రోసెకన్లు చాలు, బిట్‌ని చదివే వేళకు అంతా సద్దుమణుగుతుంది. ఏడాది తర్వాత ఎవరో ఉత్సాహవంతుడు వచ్చి వేగాన్ని 115200 చేస్తాడు. అప్పుడు బిట్ తొమ్మిది మైక్రోసెకన్లలోపే ముగుస్తుంది, అరుపు మాత్రం పాత వేగంతోనే వస్తుంది. తప్పు వాడి మీదకు పోతుంది. రెండో దారి నాకింకా ఇష్టం. ప్రతి పరికరంలోనూ టెర్మినేషన్ స్విచ్ ఉంటే అన్నిట్లోనూ ఆన్ చెయ్యి. 38 రెసిస్టర్లు సమాంతరంగా పడితే మూడు ఓమ్‌ల చిల్లర మిగులుతుంది. 54 ఓమ్‌ల భారం మీద కనీసం 1.5 వోల్టులు ఇస్తానని ఒప్పుకున్న డ్రైవర్ చిప్ నెత్తిన ఇది కొండలా కూర్చుంటుంది.

38 అంటే గుర్తొచ్చింది. ప్రమాణం ప్రకారం ఒక లైన్ మీద 32 యూనిట్ లోడ్‌లే. ఇప్పటి చిప్పులు చాలావరకు అందులో ఎనిమిదో వంతే తీసుకుంటాయి, వాటితో 256 దాకా పెట్టొచ్చు. కానీ ఆ డ్రయ్యర్ కంట్రోలర్లు సేటు తండ్రి కాలం నాటివి. అవెంత లోడో డేటాషీట్ తీసి చూడకు. చూస్తే రిపీటర్ కొనాల్సి రావచ్చు.

ఏ, బీ తీగల గురించి ఒక మంచి కబురు చెబుతాను. ఇక్కడ నువ్వు కష్టపడి తప్పు చెయ్యక్కర్లేదు, ప్రపంచమే చేసి పెట్టింది. లైన్ మౌనంగా ఉన్నప్పుడు బీ కంటే ఏ తక్కువ వోల్టేజీలో ఉండాలని ప్రమాణం అంటుంది. చిప్పులు చేసే పేరున్న కంపెనీలు సరిగ్గా దానికి తిరగేసి ఏ పిన్నుకి ప్లస్ గుర్తు వేశాయి. మీటర్లు చేసేవాళ్ళలో సగం మంది అటు, సగం మంది ఇటు. ఇంకొందరు ఏ, బీ ఊసే లేకుండా డేటా ప్లస్, డేటా మైనస్ అని రాస్తారు. మోడ్‌బస్ వాళ్ళవి మళ్ళీ డీ-సున్నా, డీ-ఒకటి. కాబట్టి అక్షరాన్ని గుడ్డిగా నమ్ము. ఏ నుంచి ఏకి, బీ నుంచి బీకి కలుపు. పలకకపోతే మీటరు పాడైందని తీర్మానించి వెనక్కి పంపించు. రెండు తీగలు తారుమారు చేసి చూడటం ఒక్క నిమిషం పని, తప్పయినా ఏదీ కాలిపోదు. అందుకే ఆ సంగతి సేటు దగ్గర అనకు. రంగులంటావా, ఒక ప్యానెల్‌లో ఎరుపుని ప్లస్ చెయ్యి, పక్క ప్యానెల్‌లో నలుపుని. హోలీ ఏడాదికోసారే ఎందుకు?

ఇప్పుడు మూడో తీగ. రెండు తీగల లైన్ అని పేరులోనే ఉందిగా, మూడోది ఎందుకని వాదించు. ఈ వాదన పెద్ద పెద్ద ఇంజినీర్ల దగ్గర కూడా గెలుస్తుంది. అసలు విషయం ఏమిటంటే, రిసీవర్ తేడానే చూసినా, ఆ రెండు తీగలూ దాని సొంత గ్రౌండ్‌తో పోల్చి మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల మధ్య ఉండాలి. దాటితే మాట వినబడదు, బాగా దాటితే చిప్ మిగలదు. ఆఫీసు గదికొక ఎర్త్ గుంత, డ్రయ్యర్ షెడ్డుకొకటి. ఎండాకాలంలో ఆ గుంతల్లో నీళ్ళు పోసేవాడుండడు. రెండు చోట్ల ఎర్త్ ఒకటే అనుకోవడం, రెండు ఊళ్ళ చెరువుల్లో నీటిమట్టం ఒకటే అనుకోవడం లాంటిది. ఆ తేడాను సర్దడానికి కామన్ తీగ ఒకటి పరికరాలన్నిటి మీదుగా వెళ్ళాలి, షెడ్డుకీ షెడ్డుకీ మధ్య ఐసొలేటర్ పడాలి. నువ్వు రెండూ వదిలెయ్. షీల్డ్‌ని ఒక్క కొసలో ఎర్త్ చేస్తే చాలంటారు. నువ్వు ప్రతి ప్యానెల్‌లోనూ చెయ్యి. అప్పుడు రెండు గుంతల మధ్య తిరగాల్సిన కరెంటంతా ఆ షీల్డ్ మీదుగా షికారు చేస్తుంది.

దీనికి నా దగ్గర సాక్ష్యం ఉంది. ఊరు, మిల్లు పేరు చెప్పను. సుమారు 150 మీటర్ల దూరంలో ఉన్న రెండు షెడ్ల మధ్య నేనిలాగే లాగాను. ఐసొలేటర్ లేదు, సర్జ్ ప్రొటెక్టర్ లేదు. లైన్‌ని కంప్యూటర్‌కి కలిపే కన్వర్టర్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికిన చవక యూఎస్‌బీ ముక్క. వానాకాలంలో ఒక రాత్రి పిడుగు పడింది. మిల్లు మీద కాదు, పక్క పొలంలో. తెల్లారి చూస్తే 11 మీటర్ల డిస్‌ప్లేలు నిక్షేపంగా ఉన్నాయి, యూనిట్లు తిరుగుతున్నాయి, కానీ ఒక్కటీ పలకదు. పోర్టులు చచ్చాయి. కంప్యూటర్ మదర్‌బోర్డు కూడా పోయింది. దేవుడి చర్య అని రిపోర్టు రాశాను. సేటు పెద్దమనిషి, ఏమీ అనలేదు. నాకు టీ తెప్పించి, కాలిన మీటర్లను ఒక్కొక్కటిగా నా ముందు బల్ల మీద పేర్చాడు. పదకొండోది పెట్టేదాకా ఆయనా మాట్లాడలేదు, నేనూ టీ తాగలేదు.

సరే, అది వదిలెయ్. సెట్టింగుల దగ్గరకొద్దాం.

మీటర్లు ఫ్యాక్టరీ నుంచి సాధారణంగా 1వ నంబరు అడ్రస్‌తో వస్తాయి. అలాగే ఉంచు. 1 నుంచి 247 దాకా ఇచ్చుకునే వీలుంది కదా అని ఎవరైనా అంటే, అన్నీ సమానమే, వివక్ష పనికిరాదను. లైన్ మీద ప్రశ్నలడిగే మాస్టరు, అంటే మన కంప్యూటర్, ఒకటో నంబరును పిలవగానే అందరూ ఒక్కసారే పలుకుతారు, సీఆర్‌సీ తప్పొస్తుంది. ఎంత పిలిచినా మారకపోతే విసుగొచ్చి నంబర్లు ఇస్తావు. అప్పుడైనా మీటరు మీద స్టిక్కర్ అంటించకు. రేపు ఒక మీటరు మార్చేవాడు ఖాళీ నంబరు ఊహించుకోవాలి. ఊహాశక్తి పెరుగుతుంది.

వేగం, పారిటీ సంగతి చూస్తే, మోడ్‌బస్ పత్రం 19200 వేగం, ఈవెన్ పారిటీ మామూలుగా ఉండాలంటుంది. పారిటీ వద్దనుకుంటే రెండు స్టాప్ బిట్లు పెట్టమంటుంది. మార్కెట్లో మీటర్లు ఎక్కువగా 9600, పారిటీ లేదు, ఒక్క స్టాప్ బిట్‌తో వస్తాయి. అన్నీ ఒకేలా ఉంటే ఏదైనా పరవాలేదు. నువ్వు మాత్రం ఏది ఎలా వస్తే అలా వదిలేసి, సాఫ్ట్‌వేర్‌లో మెజారిటీ వైపు మొగ్గు చూపు.

ఆ తర్వాత తెర మీద వోల్టేజీ సున్నా చూపిస్తుంది. కంగారు పడకు. మీటరు 230 వోల్టులు అన్న ఒక అంకెను రెండు రిజిస్టర్లుగా విరిచి పంపుతుంది. మన సాఫ్ట్‌వేర్ ఆ రెండు ముక్కలను ముందువెనకలు చేసి అతికిస్తే, వచ్చే అంకె సున్నాకి ఎంత దగ్గరంటే తెర మీద సున్నాయే పడుతుంది. వర్డ్ ఆర్డర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ముట్టుకోకు. కొన్ని మాన్యువళ్ళలో రిజిస్టర్ 40001 అని రాసి ఉంటే లైన్ మీద అడగాల్సింది సున్నా నుంచి. ఆ ఒక్కటి తేడా వస్తే ఒక అంకె వెనక సగం, పక్క అంకె ముందు సగం కలిసి వస్తాయి. నరసింహావతారం. మాన్యువల్ తెరిచి చూడకుండా, సరైన విలువ కనబడేదాకా ఏదో ఒక సంఖ్యతో గుణిస్తూ పో. సున్నాని ఎంతతో గుణించినా పెరగదని తెలుసుకోవడానికి సాయంత్రమవుతుంది.

టైమౌట్ విషయంలో ఉదారంగా ఉండు. ఒక మీటరు నుంచి 20 రిజిస్టర్లు చదవాలంటే ప్రశ్న 8 బైట్లు, జవాబు 45 బైట్లు. 9600 వేగంలో మొత్తం 60 మిల్లీసెకన్లలోపే. మీటరు ఆలోచించుకునే వేళ, మధ్యలో మూడున్నర అక్షరాల మౌనం కలిపినా, 38 పరికరాలూ ఐదారు సెకన్లలో ఒక చుట్టు తిరుగుతాయి. నువ్వు టైమౌట్ 3 సెకన్లు, ప్రయత్నాలు 5 అని పెట్టు. ఒక్క మీటరు ఆఫ్ అయితే దానికోసమే 15 సెకన్లు అందరూ ఆగుతారు. రెండు ఆఫ్ అయితే అర నిమిషం. సేటు బ్లోయర్ ఆపి తెర వైపు చూస్తూ నిలబడితే, అది ఇంకా తిరుగుతున్నట్టే కనబడుతుంది. యంత్రాలకు అంత ఓపిక ఎక్కడుందో చూపించిన వాళ్ళమవుతాం.

ఈలోగా రూఫ్‌టాప్ సోలార్ పెట్టే కుర్రాడొస్తాడు. మెయిన్ మీటరు రీడింగ్ తనకూ కావాలంటాడు. మోడ్‌బస్‌లో ఒక లైన్‌కి మాస్టరు ఒక్కడే ఉండాలన్నది పాతకాలపు పెత్తనం. వాడి బాక్సుని కూడా మన తీగలకే తగిలించనివ్వు. ఇద్దరు మేస్త్రీలు ఒక కూలీని ఒకేసారి పిలిస్తే ఏమవుతుందో అదే అవుతుంది. గంటకోసారి తప్పు, అదీ ఎప్పుడో తెలియకుండా. ఇంతకంటే పట్టుకోవడానికి కష్టమైన రోగం ఈ వృత్తిలో లేదు.

బిగింపుల గురించి ఎక్కువ చెప్పను. ఒక స్క్రూ కింద రెండు తీగలు ఫెర్రూల్ లేకుండా తోసెయ్, ట్రేలో జాయింటు వేసి నల్లటేపు చుట్టు, గ్లాండ్ దగ్గర కన్నం తెరిచి ఉంచు. ఊక దుమ్ము, ఆవిరి తేమ మిగతాది చూసుకుంటాయి. రైస్ మిల్లు ఎలుకలకి వడ్లు మొహం మొత్తి ఉంటాయి, కేబుల్ ఊరికే పోదు.

సీజన్‌లో ఫోన్ వస్తుంది. వస్తే ముందు కంప్యూటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యమను. తర్వాత సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించు. తర్వాత కన్వర్టర్ మార్చు. తర్వాత మీటర్లు ఒక్కొక్కటిగా మార్చు. తీగ వైపు మాత్రం చూడకు. లైన్‌ని మధ్యలో విప్పి, ఏ సగం పలుకుతుందో చూసి, మళ్ళీ మిగతా సగాన్ని సగం చేసే పద్ధతొకటుంది. అలా చేస్తే 38 పరికరాల్లో చెడ్డది ఆరుసార్లలో దొరికిపోతుంది. భోజనం వేళకి పని అయిపోయి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేస్తావు. లాడ్జి బిల్లు ఎలా రాస్తావు మరి?

ఒక్క జాగ్రత్త చెప్పి పంపిస్తాను. ఆ మిల్లులోనే బాయిలర్ గది వెనక పాత ప్యానెల్ ఒకటి ఉంది. దాని తలుపు తియ్యకు. తీస్తే మూడు తీగల లైన్ కనబడుతుంది. కొసలన్నిటికీ ఫెర్రూల్స్, చిట్టచివర 120 ఓమ్‌ల రెసిస్టర్, షీల్డ్ ఒక్క వైపే ఎర్త్, తలుపు లోపలివైపు పెన్సిల్‌తో రాసిన అడ్రసుల కాగితం. నేను పనిలో చేరిన మొదటి ఏడాది మా పెద్దమేస్త్రీ పక్కన నిలబడి, మూడుసార్లు విప్పించి మళ్ళీ కట్టించాడు. చేతిరాత నాదే. ఆ లైన్ గురించి ఇంతవరకూ నాకు ఒక్క ఫోన్ రాలేదు.